కలంకారీ పనిచేసే ఇంటిని చూడ్డానికి వచ్చేవాళ్ళకు తెరవొచ్చా?

అడిగినావిడది శ్రీకాళహస్తి. మామగారు గుడ్డ మీద కలంతో బొమ్మల గీత గీస్తారు. అత్తగారు, ఆవిడ, పక్కవీధి నుంచి వచ్చే మరో ఇద్దరు ఆడవాళ్ళు రంగులు నింపుతారు. గుడికి వచ్చినవాళ్ళు ఆటోవాళ్ళను అడిగి మరీ ఇంటికొచ్చి "ఎలా చేస్తారో ఒకసారి చూపిస్తారా" అంటున్నారట. చూపిస్తే నాలుగు అమ్మకాలు జరుగుతాయని ఆవిడ ఆశ. డిజైన్లు ఫొటోలు తీసుకుపోతారని, పని చెడుతుందని మామగారి భయం. టికెట్ పెట్టాలా, రోజూ తెరవాలా, అసలు ఏం చూపించాలి అని అడిగారు.

తెరవండి అమ్మా. కానీ రోజూ వద్దు. నెలలో ఒకటో రెండో ఆదివారాలు, ఉదయం పూట, ముందే చెప్పిన టైముకి తెరవండి. చూసి వెళ్ళేవాళ్ళ దగ్గర డబ్బు తీసుకోకండి. కూర్చుని చేయి పెట్టి నేర్చుకుంటామనేవాళ్ళ దగ్గర తీసుకోండి. ఆ పూట రంగులు నింపే ఆడవాళ్ళకు ముక్క లెక్కన కాకుండా రోజు కూలీ ఇవ్వండి. మీ మామగారి భయంలో సగం నిజముంది, దానికి జాగ్రత్తలు ఉన్నాయి. ఒక్కొక్కటీ చెప్తాను. నేనూ ఈ పనిలోనే పుట్టి పెరిగాను, మా పని చోటు చూడ్డానికి చాలా ఏళ్ళుగా జనం వస్తున్నారు.

ముందు ఎందుకు తెరవాలో చెప్తాను. ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెట్టినప్పుడు మనకు ఎదురయ్యే మాట ఒకటే: "అక్కడ ఇదే డిజైను మూడొందలకు ఇస్తున్నారు, మీరేంటి ఇన్ని వేలు చెప్తున్నారు?" దానికి స్టాల్‌లో నిలబడి జవాబు చెప్పలేం. ఇది చేత్తో గీసింది, అది స్క్రీన్ ప్రింట్ అని ఎంత చెప్పినా వాళ్ళకు రెండూ గుడ్డలే. అదే మనిషి మన పని చోటుకొచ్చి ఒక గంట ఉంటే బేరం ఆడడం దాదాపు మానేస్తాడు. మనం బతిమాలి మాన్పించక్కర్లేదు. గుడ్డను ఎన్నిసార్లు ఉతికి, ఎన్నిసార్లు ఎండబెట్టి, ఎన్నిసార్లు ఉడకబెడతామో కళ్ళారా చూశాక ఆ ధర ఎందుకో అతనికే అర్థమవుతుంది. తిరుపతిలో ఉండే ఒక దంపతులు మా దగ్గర చిన్న ప్యానెల్ ధర విని వెనక్కి పెట్టేసి, పని చూద్దామని కూర్చున్నారు. వెళ్ళేటప్పుడు దాన్నే చెప్పిన ధరకు తీసుకున్నారు. ఆ తర్వాత వాళ్ళ బంధువుల పెళ్ళికి దుప్పట్టాలు ఆర్డర్ ఇచ్చారు. ఇలాంటివాళ్ళు ఎక్కువమంది రారు. వచ్చినవాళ్ళు మాత్రం మళ్ళీ వస్తారు.

ఇక రోజూ ఎందుకు వద్దంటున్నానంటే, మన పనిలో గీత చెరిపేది కాదు. చింత బొగ్గుతో వేసిన గుర్తు అయితే దులిపేస్తే పోతుంది. నల్లరంగులో ముంచిన కలం ఒకసారి గుడ్డకు తగిలిందా, ఇక అంతే. మీ మామగారు రాముడి ముఖం గీస్తుండగా ఎవరో వెనకనుంచి "ఇది వెదురేనా సార్?" అని భుజం మీద చెయ్యేస్తే పోయేది ఆ ఒక్క గీత కాదు, ఆ ముఖం, దాంతోపాటు ఆ గుడ్డ. అందుకే గీసేవాళ్ళు మాట్లాడకూడదు, మాట్లాడేవాళ్ళు గీయకూడదు. ఈ నియమం మా ఇంట్లో చాలా గట్టిగా పాటిస్తాం. వివరించే పని మీరు తీసుకోండి. మామగారి చుట్టూ రెండు మూడడుగులు వదిలి ఒక తాడు కట్టినా చాలు. ఆయన పని ఆయన చేసుకుంటూ ఉంటారు, వాళ్ళు చూస్తూ ఉంటారు. పెద్దాయన్ను ఫొటో కోసం కలం పట్టుకుని నవ్వమని ఎవర్నీ అడగనివ్వకండి. ఆయన పనిలో ఉండగా ఫొటో తీస్తే ఆయనకూ గౌరవం, ఫొటోకీ అందం.

ఆదివారం ఉదయమే ఎందుకు? మన ఊరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది రాహుకేతు పూజకు వచ్చేవాళ్ళు. కాళహస్తిలో దర్శనం అయ్యాక ఇంకో గుడికిగానీ, మరొకరింటికిగానీ పోకుండా నేరుగా సొంతింటికే చేరాలని చాలామంది నమ్మకం. కాబట్టి పూజ ముగిశాక మీ గుమ్మం తొక్కడానికి వాళ్ళు వెనకాడతారు. మనం దాన్ని అగౌరవపరచకూడదు, రమ్మని బలవంతపెట్టకూడదు. వాళ్ళకు ఖాళీ ఉండేది పూజకు ముందే. ఆదివారం రాహుకాలం సాయంత్రం 4:30 నుంచి 6 వరకు. ఆ టైముకి పూజ చేయించుకోవాలనుకున్నవాళ్ళు చాలామంది పొద్దున్నే ఊళ్ళోకి దిగి ఏం చేయాలో తోచక తిరుగుతుంటారు. 10 నుంచి 1 వరకు తెరిచి ఉంచితే వాళ్ళు హాయిగా వస్తారు. శనివారం రాహుకాలం ఉదయం 9 నుంచి 10:30. ఆ రోజు ముందు టైముండదు, తర్వాత రారు. అందుకే శనివారం తెరిచినా ఉపయోగం తక్కువ.

ఇదే కారణంతో ఇంకో మాట. మీరు తెరిచేది ఇంటిని కాదు, పని చోటును. వీలైతే పక్కదారి గుండా నేరుగా పని జరిగే వసారాలోకో, మిద్దె మీదకో వచ్చేట్టు చూడండి. హాలు, వంటగది దాటి రావాల్సిన ఏర్పాటైతే ఆ నమ్మకం ఉన్నవాళ్ళకూ ఇబ్బంది, మీ ఇంట్లో ఆడవాళ్ళకూ ఇబ్బంది. అత్తగారు మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చే చోటుకు ఎవరో తలుపు తోసుకుని రాకూడదు కదా. ఒడిశాలో పటచిత్రాలు వేసే రఘురాజ్‌పూర్ వెళ్తే చూడండి, చాలా ఇళ్ళల్లో ముందు అరుగే పని చోటు. వచ్చినవాళ్ళు అరుగు దగ్గరే ఆగుతారు, సంసారం లోపల ఉంటుంది. మన ఊళ్ళో అంత అరుగులున్న ఇళ్ళు ఇప్పుడు తక్కువే. తలుపుకు ఒక పరదా కట్టినా మనిషి ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.

గుడికి వచ్చేవాళ్ళు కాక ఇంకో రకం మనుషులుంటారు. చెన్నై, బెంగుళూరు నుంచి ఇదే పని మీద వచ్చేవాళ్ళు, డిజైన్ కాలేజీల పిల్లలు, ఆర్కిటెక్చర్ చదివేవాళ్ళు, విదేశీయులు. వీళ్ళు ముందు ఫోన్ చేస్తారు. వాళ్ళకు ఆదివారమే అక్కర్లేదు, మీకు వీలైన రోజు ఇవ్వండి. మనకు తమిళులు బాగా వస్తారు కాబట్టి గోడ మీద రాసే వివరం తెలుగుతోపాటు తమిళంలోనూ ఉంటే మీ గొంతుకు చాలా శ్రమ తగ్గుతుంది.

ఇప్పుడు అసలు విషయం, ఏం చూపించాలి.

కలంకారీతో చిక్కేమిటంటే ఒక్క గంటలో ఏ ముక్కా పూర్తికాదు. ఆ రోజు మీ దగ్గర గీత పని నడుస్తుంటే వచ్చినవాడు గీతే చూస్తాడు. ఉడకబెట్టే రోజైతే పొగే చూస్తాడు. అందుకని ముందే ఒక మెట్ల గుడ్డ తయారుచేసి పెట్టుకోండి. ఒకే బొమ్మ, ఉదాహరణకు నెమలి, చేతిరుమాలంత ముక్కల మీద వరసగా ఉండాలి. మొదటి ముక్క ఉతికిన గాడా గుడ్డ, అంటే ముతక నూలు గుడ్డ. రెండోది కరక్కాయ, గేదె పాలలో ముంచి ఎండబెట్టింది. మూడోది నల్లగీత వేసింది. నాలుగోది పటిక రాసింది. ఐదోది ఎర్రరంగులో ఉడికించి తీసింది. తర్వాత పసుపు, ఆఖర్న నీలం వేసి పూర్తిచేసింది. వాటిని ఒక తీగకు క్లిప్పులతో వేలాడదీయండి. ఏ రోజు ఎవరొచ్చినా పని ఎక్కడ ఉందో ఆ తీగ మీద చూపించి చెప్పొచ్చు.

నాలుగో ముక్క దగ్గర తప్పకుండా ఆగండి. పటిక నీళ్ళకు రంగు లేదు. రాసి ఎండబెట్టాక గుడ్డ మీద ఏమీ కనపడదు. "ఇక్కడ ఏం రాశారు?" అంటారు. పక్కనున్న ఐదో ముక్క చూపించండి. అదే గుడ్డను ఎరుపునిచ్చే మంజిష్ఠ వేళ్ళు వేసి ఉడికిస్తే పటిక తగిలినచోట ఎరుపు దిగుతుంది, తగలనిచోట పెద్దగా పట్టదు, పట్టిన కాస్తా ఉతుకుల్లో పోతుంది. పిల్లలైతే నోరు తెరుచుకుని చూస్తారు. పెద్దవాళ్ళూ అంతే. మన పని అంటే బ్రష్షుతో రంగు పూయడం కాదని వాళ్ళకు తెలిసేది అక్కడే.

ఇంకో చిన్న ప్రయోగం చేసి చూపించండి. దీనికి నిమిషం పట్టదు. ఒక మామూలు తెల్లగుడ్డ ముక్క, ఒక కరక్కాయ పట్టించిన ముక్క పక్కపక్కన పెట్టండి. ఇనుప తుక్కు, బెల్లం వారాల తరబడి ఊరబెట్టిన మన నల్లరంగు నీళ్ళను రెండింటి మీదా ఒక్కో చుక్క వేయండి. మామూలు గుడ్డ మీద అది పలచగా తుప్పురంగులో నిలబడుతుంది. కరక్కాయ ముక్క మీద అప్పటికప్పుడు నల్లబడుతుంది. కరక్కాయలో ఉన్న వగరుకు ఇనుము కలిసి నలుపు పుడుతుంది. పాలు ఎందుకని తప్పకుండా అడుగుతారు. పాలలోని కొవ్వు రంగును పక్కలకు పాకనివ్వదు, గీత గీసినంత మేరే నిలబడుతుంది. ఇంత చెప్తే చాలు. అంతకు మించి చెప్పబోతే జనం ఫోన్లు తీస్తారు.

ఒక పళ్ళెంలో కరక్కాయలు, మంజిష్ఠ వేళ్ళు, దానిమ్మ తొక్కలు, పటిక ముక్క, నీలిమందు పెట్టండి. ముట్టుకోనివ్వండి, వాసన చూడనివ్వండి. కలం కూడా రెండు మూడు పాతవి పెట్టండి. వెదురు పుల్ల కొన చెక్కి, పైన ఉన్నిగుడ్డ చుట్టి, దారంతో బిగించింది అని దూరంనుంచి చెప్తే ఎవరికీ అర్థం కాదు. చేతిలోకి తీసుకుని ఆ ఉన్నిని నొక్కితే రంగు కొనలోకి ఎలా దిగుతుందో వెంటనే తెలుస్తుంది.

పని ఏమీ నడవని రోజున కథ చెప్పండి. మన పెద్ద ప్యానెళ్ళు దానికోసమే పుట్టాయి. నడుమ పట్టాభిషేకం, చుట్టూ వరసలుగా రామాయణం, కింద పట్టీల్లో తెలుగులో రాసిన వివరం. గుడ్డ నేల మీద పరిచి "ఇందులో హనుమంతుడు ఎన్నిచోట్ల ఉన్నాడో చెప్పండి" అని పిల్లల్ని అడిగితే పావుగంట వాళ్ళే చూసుకుంటారు. మా దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ చదువు రాదన్నారు. కానీ ఆ గుడ్డ మీద బొమ్మ చూస్తూ కిష్కింధ నుంచి లంక దాకా తప్పు లేకుండా చెప్పుకుంటూ పోయారు. మా పిల్లలు పని ఆపి విన్నారు. ఎప్పటికైనా ఈ గుడ్డ అలాంటివాళ్ళ కోసమే అని నాకు అనిపిస్తుంది. వాళ్ళు కొనకపోయినా ఫర్వాలేదు.

డబ్బు సంగతి. చూడ్డానికి టికెట్ పెట్టొద్దని ఎందుకంటున్నానంటే, పది రూపాయలు తీసుకున్నా వాళ్ళకు "నేను డబ్బిచ్చాను, నాకన్నీ చూపించాలి" అనే హక్కు వస్తుంది. ఊరికే చూపిస్తే మీరు "ఇక్కడిదాకానే" అనగలరు. కానీ కాలేజీ బస్సు వచ్చి నలభైమంది దిగితే అది వేరే లెక్క. మీ ఇంటిల్లిపాదికీ ఒక పూట పని పోతుంది. గుంపుకు ఇంత అని ముందే చెప్పి, అడ్వాన్సు తీసుకుని, ఒక విడతకు ఏడెనిమిది మందికి మించకుండా పంపమనండి. మొహమాటపడకండి. కాలేజీలు ఇలాంటివాటికి ఖర్చు పెట్టుకుంటాయి, రసీదు మాత్రం అడుగుతాయి. రసీదు పుస్తకం కొట్టించుకోండి.

చేయి పెట్టి నేర్చుకునేవాళ్ళకు రెండు గంటల పాఠం పెట్టొచ్చు. కానీ రంగులన్నీ వేయించబోకండి. కరక్కాయ, పాలు పట్టించి ఎండబెట్టిన చిన్న గుడ్డ ముక్క ఇవ్వండి. దాని మీద బొగ్గుతో బొమ్మ మీరే వేసి ఉంచండి. వాళ్ళు కలంతో నల్లగీత మాత్రం గీసుకుంటారు. నలుపు నిలిచే రంగు కాబట్టి ఆరబెట్టి, నీళ్ళలో జాడించి ఆ రోజే ఇంటికి పట్టుకెళ్ళొచ్చు. ఎరుపు కావాలంటే ఉడకబెట్టాలి, ఉతకాలి, మళ్ళీ పాలు పట్టించాలి. అది రెండు గంటల్లో అయ్యేది కాదు. అయ్యేట్టు చూపించడానికి కొందరు రెడీమేడ్ రంగులు ఇస్తున్నారు. అది చూసి వెళ్ళినవాడు కలంకారీ అంటే అదే అనుకుంటాడు. దయచేసి అది చేయకండి. ఇదే మన పని కాక తెలంగాణలోని చెరియాల్ మాస్కుల పనైతే వేరు. ఆరిన మాస్కు సిద్ధంగా ఉంటే రంగు వేసుకుని ఒక్క పూటలో పట్టుకెళ్ళొచ్చు. ఏ పనికి ఏ పాఠం కుదురుతుందో ఆ పనే చెప్తుంది.

కూలీ సంగతి నేను మొదట్లోనే అన్నాను, మళ్ళీ చెప్తాను, ఎందుకంటే దీన్ని చాలామంది పట్టించుకోరు. రంగులు నింపే ఆడవాళ్ళకు మనం ముక్క లెక్కన ఇస్తాం. వచ్చినవాళ్ళు పెద్దాయన్ను కదిలించలేక వాళ్ళ దగ్గరే కూర్చుంటారు. "ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నారు, ఎంత వస్తుంది, కళ్ళు నొప్పెట్టవా" అని అడుగుతారు. మంచి మనసుతోనే అడుగుతారు. కానీ ఆ అరగంటా ఆ అమ్మాయికి రావాల్సిన డబ్బులోంచి పోతుంది. అమ్మకం జరిగితే లాభం ఇంటివాళ్ళకు, పోయిన టైము ఆమెది. ఇది న్యాయం కాదు. తెరిచిన పూట రోజు కూలీ ఇచ్చి, "ఈ పూట ఎంత పని అయితే అంతే" అని చెప్పండి. ఫొటోలో పడడం ఇష్టమో కాదో కూడా వాళ్ళను ముందే అడగండి. ఇష్టం లేదంటే ఆ వైపు ఫొటోలు వద్దని మీరే చెప్పాలి, వాళ్ళచేత చెప్పించకూడదు.

ఆటోవాళ్ళు, గైడ్లు కమీషన్ అడుగుతారు. ఇవ్వొద్దన్నది నా అభిప్రాయం. ఇచ్చేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ కష్టాలు వాళ్ళవి. కానీ ఒకసారి మొదలైతే ఆ కమీషన్ ధరలో కలుస్తుంది, ఆ ధర చూసి నేరుగా వచ్చినవాడు మోసం అనుకుంటాడు. ఒక టూరు ఏజెంటు మా దగ్గరికి చెప్పాపెట్టకుండా బస్సు తెచ్చి, గుమ్మంలోనే శాతం మాట్లాడబోయాడు. వాళ్ళకు మంచినీళ్ళిచ్చి, పని చూపించి పంపేశాం, శాతం ఇవ్వలేదు. మళ్ళీ రాలేదు. ఆ బస్సులో వచ్చిన ఒకరిద్దరు మాత్రం తర్వాత వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. ప్రతి ముక్కకూ ధర చీటీ కట్టండి. ఎవరికైనా అదే ధర.

ఇంకోటి, బయట తెచ్చిన ప్రింటు సరుకు అదే గదిలో పెట్టి అమ్మకండి. తక్కువ ధరకు ఏదో ఒకటి ఉండాలని అనిపిస్తుంది, నిజమే. దానికి మీ గుడ్డలోనే మిగిలిన పేలికలతో పుస్తకాల అట్టలు, చిన్న సంచులు, అరచేతంత బొమ్మలు చేసి పెట్టండి. చేత్తో గీసింది చూపించి అచ్చుగుద్దింది అమ్మితే, ఎవరో ఒకరు ఇంటికెళ్ళాక తిప్పి చూసి తెలుసుకుంటారు. కలంకారీ గుడ్డను తిప్పి చూడ్డం ఎలాగో మీరే నేర్పండి: గీత వెనకవైపుకు దిగిందా, ఒకచోట లావుగా ఒకచోట సన్నగా ఉందా, రెండు నెమళ్ళు చుక్క తేడా లేకుండా ఒకేలా ఉన్నాయా (ఉంటే అది చేత్తో గీసింది కాదు). ఇలా చెప్పేటప్పుడు పెడన, మచిలీపట్నం పనిని తక్కువ చేసి మాట్లాడకండి. అది చెక్క అచ్చులతో చేసే కలంకారీ, దానికీ సొంత చరిత్ర, సొంత జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు) ఉన్నాయి. మనల్ని దెబ్బతీస్తున్నది స్క్రీన్ ప్రింటు. పెడనవాళ్ళనూ దెబ్బతీస్తున్నది అదే.

ఇక మీ మామగారి భయం, డిజైన్ల గురించి. నా అనుభవంలో కాపీ కొట్టేవాళ్ళు ఎండలో పడి మన ఇంటిదాకా రారు. మనం ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన ఫొటో నుంచే తీసుకుంటారు. అయినా జాగ్రత్త అవసరం. పని విధానాన్ని, చేతుల్ని, కుండల్ని, ఎండుతున్న గుడ్డల్ని ఎంతైనా ఫొటోలు తీసుకోనివ్వండి. ఒకరి ఆర్డర్ మీద చేస్తున్న ముక్కను మాత్రం ఆ పూట చుట్టి లోపల పెట్టండి. అది వాళ్ళ సొత్తు కూడా. రాముడు, నెమలి, జీవవృక్షం అందరివీ. వాటిని మీరు కూర్చిన తీరు మీది. చేత్తో గీసిన బొమ్మకు 1957 కాపీరైట్ చట్టం కింద గీసినప్పుడే హక్కు వస్తుంది, విడిగా నమోదు చేసుకోకపోయినా. కానీ ఒక డిజైన్‌ను ముందుముందు చీరలకో కర్టెన్లకో పెద్దఎత్తున వేయించే ఆలోచన ఉంటే సంగతి మారుతుంది. అలాంటిది 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేసుకోవాలి. నమోదు లేకుండా పారిశ్రామిక పద్ధతిలో యాభై కాపీలు దాటితే కాపీరైట్ కూడా నిలవదు. ఇక్కడ మన విషయానికి ముఖ్యమైన మెలిక ఒకటుంది. బయట చూపించేసిన డిజైన్ కొత్తది కాదని ఆ నమోదును తోసిపుచ్చవచ్చు. కాబట్టి నమోదు చేయాలనుకున్న డిజైన్‌ను దరఖాస్తు పెట్టేదాకా ఏ ఆదివారమూ గోడకు వేలాడదీయకండి, ఆన్‌లైన్‌లోనూ పెట్టకండి. నమోదయ్యాక 10 ఏళ్ళు, పొడిగించుకుంటే మరో 5 ఏళ్ళు రక్షణ ఉంటుంది.

శ్రీకాళహస్తి కలంకారీకి జీఐ ఉందని మనందరికీ తెలుసు. కానీ ఆ గుర్తును సొంతంగా వాడుకోవాలంటే అధీకృత వినియోగదారుగా మీ పేరు విడిగా నమోదు కావాలి. మీ మామగారి పేరున అది ఉందో లేదో చూసుకోండి. ఉంటే ఆ పత్రం ఫ్రేమ్ కట్టి, హస్తకళాకారుల గుర్తింపు కార్డు పక్కనే గోడకు పెట్టండి. వచ్చినవాళ్ళు చదువుతారు.

ఒంటరిగా తెరవడం కన్నా మీ వీధిలో నాలుగైదు ఇళ్ళు కలిసి ఒకే ఆదివారం తెరిస్తే ఇంకా మంచిదని నా గట్టి నమ్మకం. ఒక ఇంట్లో గీత, ఇంకో ఇంట్లో ఉడకబెట్టడం, మరో ఇంట్లో చీరల పని ఉంటే మనిషి తిరిగి చూస్తాడు, ఒకే గదిలో కిక్కిరిసి నిలబడడు. పోచంపల్లిలో ఒక గడపలో దారాన్ని ఆసు పోయడం, ఇంకో గడపలో రంగు పట్టకూడనిచోట దారానికి ముడులు వేసే చిటికి కట్టడం, మరోచోట మగ్గం చూస్తాం. ఊరంతా కలిస్తేనే చీర అని అర్థమయ్యేది అలాగే. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఆ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో చేర్చింది. మన ఊళ్ళో పోటీ ఎక్కువ, కలవడం కష్టమని మీరనొచ్చు. కష్టమే. మొదట బంధువుల ఇళ్ళతో మొదలుపెట్టండి. ఒకే కాగితం మీద అందరి పేర్లు, దారి బొమ్మ వేసి లాడ్జీల్లో ఇవ్వండి. ఎవరింట్లో కొంటే వాళ్ళకే డబ్బు, ఉమ్మడి హుండీ వద్దు. గొడవలు వచ్చేది అక్కడే.

ఇంకా మీ మామగారు ఒప్పుకోకపోతే ఆయనకు ఈ పని ఇక్కడ ఎలా నిలిచిందో గుర్తుచేయండి. ఆయన వయసువాళ్ళకు తెలిసే ఉంటుంది. దాదాపు ఆగిపోయిన పనికి, హస్తకళలను నిలబెట్టిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో 1957లో ఇక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది, జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు గురువుగా కూర్చుని బయటి పిల్లలకు నేర్పారు. తెలిసిన చేతులు దాచుకోకుండా చూపించబట్టే ఈరోజు ఇన్ని ఇళ్ళల్లో కలం ఉంది. ఆయన ఒప్పుకుంటే మొదటి రెండు మూడుసార్లు తెలిసినవాళ్ళనే పిలవండి, ఆయనకు అలవాటవుతుంది. ఇష్టం లేకుండా మాత్రం తెరవకండి. చేసే మనిషికి టెన్షన్ ఉంటే గీతలో కనపడుతుంది.

చిన్న చిన్నవి కొన్ని. ఉడకబెట్టే పొయ్యి దగ్గరికి పిల్లల్ని రానివ్వకండి, ఆ పూట మరిగే గుండిగ లేకుండా చూసుకుంటే ఇంకా మేలు. మరుగుదొడ్డి, మంచినీళ్ళు తప్పనిసరి, దూరం నుంచి వచ్చిన ఆడవాళ్ళు ముందు అదే అడుగుతారు. పాలు పట్టిన గుడ్డల వాసనకు కొందరు ముక్కు మూసుకుంటారు. అగరొత్తులు వెలిగించి దాన్ని దాచకండి, అది పని వాసన అని చెప్పండి చాలు. స్వర్ణముఖిలో ఉతకడం చూపిస్తారా అని అడుగుతారు. ఏటిలో నీళ్ళున్నప్పుడే అది కుదురుతుంది, లేనప్పుడు తొట్టిలో ఎలా జాడిస్తామో చూపించి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. విదేశీయులు చూసి వెళ్తే ఏ కాగితమూ అక్కర్లేదు. నేర్చుకుంటామని మీ ఇంట్లోనే రాత్రి బస చేస్తే మాత్రం 24 గంటల్లోపు వాళ్ళ వివరాలు ఆన్‌లైన్‌లో విదేశీయుల నమోదు అధికారులకు పంపాలి (ఇదివరకు దీన్ని ఫారం సీ అనేవారు), అది ఇల్లిచ్చినవాళ్ళ బాధ్యత.

మహాశివరాత్రి బ్రహ్మోత్సవాల రోజుల్లో తెరవకండి. జనం లక్షల్లో ఉన్నా వీధులు మూసేస్తారు, వచ్చినవాళ్ళకు నిలబడి చూసే ఓపిక ఉండదు. మన వైపు గట్టి వానలు అక్టోబరు, నవంబరుల్లో కదా. అప్పుడు గుడ్డ ఎండదు, రంగు పని దాదాపు ఆగుతుంది. ఆ నెలల్లో ఫోన్ చేసినవాళ్ళకు గీత పని మాత్రమే ఉంటుందని ముందే చెప్పండి. వద్దనుకుంటే జనవరి దాటాక రమ్మనండి.